గుణానికి కాపరి

నాయనా, ముందుగా ఒక మాట మనసులో నిలుపుకో. ఏ ప్రాణినైనా ఇంటికి తెచ్చుకునేవాడు దాని రూపంతో పాటు దాని గుణాన్నీ తెచ్చుకుంటాడు. రూపం చూసి ముచ్చటపడడానికి క్షణం చాలు. గుణాన్ని పోషించడానికి ఆ ప్రాణి ఆయుష్షంతా కావాలి. పోషణ దొరికిన గుణం ఇంటికి రక్ష అవుతుంది. పోషణ కరవైన గుణం దోషంగా మారుతుంది. అప్పుడు ఆ దోషం ప్రాణిది కాదు, పెంచినవాడిది. ఫ్రాన్సు దేశపు గొర్రెల కాపరి కుక్క అయిన బ్రియార్‌ను ఉదాహరణగా తీసుకుని ఈ ధర్మాన్ని నీకు చెప్పదలిచాను. శ్రద్ధగా విను.

పారిస్ నగరానికి తూర్పున, సేన్, మార్న్ నదుల నడుమ బ్రీ అనే మైదానం ఉంది. గోధుమకు, జున్నుకు పేరుపడ్డ నేల అది. పూర్వం అక్కడి పొలాలకు కంచెలు ఉండేవి కావు. ఇటు మంద మేసే పచ్చిక, అటు పక్కనే ఎదిగిన పైరు. గొర్రె ఒక్క అడుగు పక్కకు వేస్తే ఒక రైతు కష్టం మట్టిపాలు. పొద్దుటి నుంచి పొద్దుగూకేదాకా ఆ గట్టు వెంట అటూ ఇటూ నడుస్తూ, కంచె లేని చోట తానే కంచెగా నిలిచింది ఈ కుక్క. తోడేళ్ళూ దొంగలూ తిరిగిన కాలంలో మందకు రాత్రి కావలి కూడా ఇదే. కాపరి దూరాన ఉన్నప్పుడు ఏ గొర్రెను ఆపాలో, దేన్ని విడవాలో దానికదే తేల్చుకోవాలి. అడిగి చేసే పని కాదది. తరతరాలుగా అలా బతికిన జాతి గనుక స్వయంగా ఆలోచించడం, ఎడతెగక శ్రమించడం, కొత్తవాణ్ణి నిలవేసి చూడడం, తనవారిని చుట్టుముట్టి కాపాడడం దాని రక్తంలో నిలిచిపోయాయి.

రూపం సంగతి కూడా తెలుసుకో. మగది 62 నుంచి 68 సెంటీమీటర్లు, ఆడది 56 నుంచి 64 సెంటీమీటర్లు ఎత్తు ఉంటుంది. మేకజుట్టులా పొడిగా, కాస్త బిరుసుగా, కనీసం ఏడు సెంటీమీటర్ల పొడవున వేలాడే వెంట్రుకలు. వాటి కింద మెత్తని లోజుట్టు. కనుబొమల మీది కుచ్చు ముసుగులా కళ్ళ మీద పడుతుంది. నలుపు, గోధుమ వన్నె, బూడిద, నీలి ఛాయ దీని రంగులు. వెనక కాళ్ళకు లోపలి వైపున నేలను తాకని రెండేసి అదనపు వేళ్ళు ఉండడం ఈ జాతికి గుర్తు. తోక చివర చిన్న కొక్కెంలా వంగి ఉంటుంది. ఈ లక్షణాలను నిలపడం కోసం ఫ్రాన్సులో 1909లోనే బ్రియార్ అభిమానులు ఒక సంఘం పెట్టుకున్నారు. అయితే లక్షణాల జాబితా చదివినవాడికి కుక్క అర్థమైందని అనుకోకు. పొలం గట్టును తలుచుకో. దీని సద్గుణాలన్నీ ఆ గట్టు మీద పుట్టినవే. ఆ గట్టు నీ ఇంట్లో లేదు. ఆ లోటును ఎలా తీరుస్తావన్నదే నీవు వేసుకోవలసిన మొదటి ప్రశ్న.

పాతకాలపు సంగతి ఒకటి చెబుతాను. అమెరికాకు తరవాత అధ్యక్షుడైన థామస్ జెఫర్సన్ 1789లో ఫ్రాన్సు నుంచి స్వదేశానికి వెళుతూ, ల హావ్ర్ రేవులో చూలుతో ఉన్న ఒక గొర్రెకాపరి కుక్కను కొని ఓడలో వెంట తీసుకువెళ్ళాడు. ఆ సంతతిని బ్రియార్‌లని పలువురు చెప్పుకుంటారు. ఫ్రెంచి కాపరి కుక్కలన్న మాట మాత్రం నిజం. ఏళ్ళ తరబడి వాటిని పెంచి చూసిన ఆయన 1813లో ఒక మిత్రుడికి రాసిన ఉత్తరంలో చెప్పిన సారం ఇది: వీటికి ఏ పని నేర్పినా నేర్చుకుంటాయి, అప్పగించిన పనిని ఎంతో ఆత్రంగా నెరవేరుస్తాయి, అయితే తగినంత తిండి పెట్టాలి, ఒక యజమానికి మాలిమి కావాలి, నిర్లక్ష్యానికీ ఆకలికీ వదిలేస్తే ఆ తెలివే వీటిని ఘోరమైన దోపిడీకి నడుపుతుంది. రెండు వందల ఏళ్ళ కిందటి ఈ మాటలో ఎంత ధర్మం ఉందో గమనించు. మందను కాచేదీ, మందను చీల్చేదీ ఒకే తెలివి. ఆ రెంటి నడుమ ఉన్నది మనిషి చేయి మాత్రమే.

ఇక ఒక్కొక్క గుణాన్నీ, దానికి నీవు చెల్లించవలసిన బాకీనీ వరుసగా చెబుతాను.

మొదటిది కావలి గుణం. బ్రియార్ తనవారి పట్ల ఎంత మమకారంగా ఉంటుందో కొత్తవారి పట్ల అంత దూరంగా ఉంటుంది. గుమ్మంలో అడుగుల చప్పుడు వినపడగానే లేచి నిలబడుతుంది. ఇది మెచ్చుకోదగిన గుణమే. కానీ లోకం తెలియని కావలి భయంగా మారుతుంది, భయం కాటుగా మారుతుంది. పిల్ల పుట్టిన మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా దాని మనసు లోకాన్ని పరిచయం చేసుకునే కాలం. ఆ రోజుల్లో పసిపిల్లలను, ముసలివారిని, గొడుగు పట్టినవారిని, సైకిలు మీద పోయేవారిని, ఇతర జంతువులను, వీధి రొదను దానికి మెల్లగా, భయపెట్టకుండా చూపించాలి. పశువైద్యుడు చెప్పిన వేళకు టీకాలు వేయిస్తూ, జబ్బు సోకే చోట్లకు పోనీయకుండా ఈ పరిచయం సాగాలి. ఆ వారాలు జారిపోతే తరవాత పెట్టే శ్రమకు పూర్తి ఫలం దక్కదు. మరొక మాట. పరిగెత్తే పిల్లలను చూస్తే ఇది మందను చూసినట్టే చూస్తుంది. చుట్టు తిరిగి ఆపుతుంది, మడమల దగ్గర నోటితో అదిలిస్తుంది. అది పగ కాదు, కొలువు. అయినా పసివాడి కాలికి ఆ తేడా తెలియదు. కనుక చిన్నపిల్లలను ఈ కుక్కతో పెద్దల కన్ను లేకుండా వదలకు. అదిలించే అలవాటును పిల్లగా ఉన్నప్పుడే మాన్పించు.

రెండవది స్వతంత్ర బుద్ధి, దానితో పాటు గట్టి జ్ఞాపకం. నేర్పిన పాఠాన్ని బ్రియార్ త్వరగా పట్టుకుంటుంది, చేసిన అన్యాయాన్ని అంతకంటే త్వరగా పట్టుకుంటుంది. అరిచి, కొట్టి లొంగదీయాలని చూసేవాడికి ఇది మొండిది అనిపిస్తుంది. నిజానికి అది మొండితనం కాదు, విశ్వాసం తెగిన గుర్తు. దీని బుద్ధీ ఒళ్ళూ నిండుగా ఎదగడానికి రెండు మూడేళ్ళు పడుతుంది. అంతవరకూ ఆకారం పెద్దదైనా మనసు పిల్లదే. రోజూ కొద్దిసేపు, ఒకే మాటతో, ఒకే రీతిగా నేర్పు. మంచి చేసిన క్షణంలోనే మెచ్చుకో, తినడానికి ఏదైనా పెట్టు. నిన్న ఒప్పుకున్నదాన్ని ఇవాళ తప్పని కసరకు. ఇంట్లో ఒకరు సోఫా ఎక్కనిచ్చి మరొకరు తన్ని దించితే ఆ కుక్కకు ధర్మం ఏదో ఎలా తెలుస్తుంది? నియమం లేనిది ఇంట్లోనైతే శిక్ష కుక్కకు పడకూడదు.

కొట్టే చేతికి నన్నయగారి తెలుగు భారతం ఆదిపర్వంలోనే ఒక హెచ్చరిక ఉంది. జనమేజయుడు సత్రయాగం చేస్తున్న చోటికి సారమేయుడనే కుక్కపిల్ల ఆడుకుంటూ వచ్చింది. రాజు తమ్ములు దాన్ని కొట్టి తరిమారు. తల్లి సరమ రాజసభకు వచ్చి, ఏ తప్పూ చేయని నా బిడ్డను ఎందుకు కొట్టారని నిలదీసింది. ఉచితానుచితాలు చూడక బలహీనులకు కీడు చేసేవారికి తలవని తలంపుగా భయాలు వచ్చిపడతాయని చెప్పి వెళ్ళిపోయింది. అంతటి చక్రవర్తికీ ఆ మాట గుండెలో ముల్లై నిలిచింది. శాంతి చేయించగల పురోహితుణ్ణి వెతుక్కుంటూ వెళ్ళాడు. ఈ సరమ పేరు ఋగ్వేదంలోనూ ఉంది. పణులు దాచిన గోవులను జాడ పట్టి కనుగొన్న దేవశుని ఆమె. సోదరిగా చూసుకుంటాం, గోవుల్లో భాగమిస్తాం అని వాళ్ళు ఆశ చూపినా ఆమె లొంగలేదు. మందను వెతికి తేవడం, ప్రలోభానికి లొంగకపోవడం, అన్యాయాన్ని ప్రశ్నించడం శునకజాతి ధర్మాలుగా మన పెద్దలు చూశారు. బ్రీ మైదానపు కాపరికి ఆ కథ తెలియదు. ఆ ధర్మం మాత్రం అతని కుక్కలో ఉంది.

మూడవది శ్రమశక్తి. రోజంతా గట్టు వెంట నడవడానికి పుట్టిన ఒడలు పెరట్లో గొలుసుకు కట్టుబడితే ఏమవుతుంది? గుంతలు తవ్వుతుంది, తలుపులు గీరుతుంది, గంటల తరబడి మొరుగుతుంది. ఎదిగిన బ్రియార్‌కు రోజూ గంటకు తక్కువ కాకుండా చురుకైన నడక, పరుగు కావాలి. ఒంటి శ్రమ ఒక్కటే చాలదు, బుద్ధికీ పని ఉండాలి. వాసన పట్టి వస్తువు వెతకడం, చెప్పినది తెచ్చివ్వడం, వీలుంటే మందను తోలడం నేర్పు. గొర్రెలు లేని ఇంట్లో కూడా తనకొక కొలువు ఉందని దానికి తెలియాలి. అయితే ఎముకలు ముదరని పిల్లను మెట్ల మీద పదేపదే ఎక్కించి దింపకు, ఎత్తు నుంచి దూకించకు, సైకిలు వెంట మైళ్ళకొద్దీ పరిగెత్తించకు. ఎదిగే కీళ్ళకు తగిలిన దెబ్బ ముసలితనంలో బయటపడుతుంది.

నాలుగవది జుట్టు. చూసినవారు మొదట మోహపడేదీ, తెచ్చుకున్నవారు మొదట విసుగుపడేదీ ఇదే. ఈ జుట్టు పెద్దగా రాలినట్టు కనబడదు. ఊడిన వెంట్రుక లోపలే చిక్కుకుని ఉండలు కడుతుంది. వారం వారం రెండు మూడు గంటలు కూర్చుని, పాయలు తీసి, చర్మం దాకా దువ్వాలి. పైపైన దువ్వి నునుపు చూసుకుంటే లోపల ఉండ బిగుసుకుని, తడి నిలిచి, చర్మం పుండవుతుంది. చెవుల వెనక, చంకల్లో, తొడల మధ్య, గడ్డం కింద ముందుగా చూడు. చెవులను ఎత్తి లోపల పొడిగా ఉన్నదీ లేనిదీ, వాసన వస్తున్నదీ లేనిదీ గమనించు. కాలివేళ్ళ నడుమ పెరిగే వెంట్రుకలు కత్తిరించు. వెనక కాళ్ళ అదనపు వేళ్ళు నేలను తాకవు గనుక వాటి గోళ్ళు అరగవు. అవి వంకర తిరిగి మాంసంలోకి దిగకముందే కత్తిరించాలి. వానలో తిరిగి వచ్చిన కుక్కను మొదలంటా ఆరబెట్టాలి. ఈ పని దాసీపని అనుకోకు. నీ వేళ్ళు దాని ఒంటి మీద తిరిగినప్పుడే కొత్తగా లేచిన గడ్డ, పట్టిన గోమారి, తగిలిన దెబ్బ తెలుస్తాయి. నోరులేని జీవికి నీ చేయే వైద్యుడికి చెప్పే నోరు.

ఐదవది దేహారోగ్యం. లోతైన ఛాతీ గల పెద్ద కుక్కలకు కడుపు గాలితో ఉబ్బి మెలిపడే జబ్బు ఒకటి ఉంది, బ్రియార్‌కూ ఆ ముప్పు ఉంది. ఒక్కసారిగా కడుపునిండా పెట్టకుండా రోజుకు రెండు మూడు పూటలుగా పెట్టు. తిన్న వెంటనే పరిగెత్తించకు. పొట్ట బిగిసి, ఏమీ పడకుండా వాంతికి వచ్చినట్టు పదేపదే అవస్థ పడుతుంటే తెల్లవారేదాకా ఆగకు. ఆ క్షణమే పశువైద్యుడి దగ్గరికి తీసుకుపో. గంటలు గడిస్తే ప్రాణం పోతుంది. ప్రేమకొద్దీ ఇంటి భోజనమంతా పెట్టకు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషాలు. మన ఇళ్ళలో మిగిలిన సాంబారు అన్నంలో ఉల్లిపాయ ఉంటుందన్న సంగతి మరవరాదు. ఈ జాతికి తుంటి కీలు సరిగ్గా అమరని దోషం కూడా వస్తుంది. కనుక పిల్లను తెచ్చుకునేటప్పుడు దాని తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రేలు, జన్యు పరీక్షల పత్రాలు చూపమని అడుగు. చూపనివాడి దగ్గర కొనకు. నీవు ఇచ్చే సొమ్ముతోనే అతడు తరవాతి ఈతకు సిద్ధమవుతాడు. ఆ పాపంలో నీకూ భాగం ఉంటుంది.

జన్యు పరీక్ష ఎందుకో వివరిస్తాను. మానవజాతి ఈ కుక్కకు పడిన రుణం కూడా అందులోనే ఉంది. కొన్ని బ్రియార్ పిల్లలు పుట్టుకతోనే మసక వెలుతురులో చూడలేవు. కొన్నిటికి పగలు కూడా చూపు సరిగా ఆనదు. 1980ల చివర స్వీడన్‌లో క్రిస్టీనా నార్ఫ్‌స్ట్రోమ్ అనే పశు నేత్రవైద్యురాలు ఈ జబ్బును బ్రియార్‌లలో గుర్తించి వివరించింది. ఆర్‌పీఈ 65 అనే జన్యువులోని లోపమే దీనికి మూలమని 1998 నాటికి తేలింది. కంటిపొరలో వెలుగును పట్టే పదార్థం మళ్ళీ మళ్ళీ తయారు కావడానికి ఆ జన్యువు అవసరం. అదే జన్యువు చెడితే మనుషుల పిల్లలకూ లెబర్ పుట్టు అంధత్వంలోని ఒక రకం వస్తుంది. హాని చేయని వైరస్‌లో మంచి జన్యువును పెట్టి కంటిపొర కిందికి ఎక్కిస్తే ఏమవుతుందని శాస్త్రజ్ఞులు పరీక్షించారు. పుట్టుగుడ్డివైన మూడు కుక్కలకు చూపు వచ్చిందని 2001లో ప్రకటించారు. వాటిలో బ్రియార్ సంతతికి చెందిన లాన్స్‌లాట్ పేరు లోకమంతా విన్నది. జీన్ బెనెట్, ఆల్బర్ట్ మాగ్వైర్ మొదలైన వైద్య పరిశోధకులు ఆ చికిత్సను మనుషుల దాకా తెచ్చారు. 2007లో మనుషుల మీద ప్రయోగాలు మొదలయ్యాయి. 2017 డిసెంబరులో అమెరికా ప్రభుత్వ ఔషధ సంస్థ లక్స్‌టర్నా పేరుతో దాన్ని ఆమోదించింది. చీకట్లో తడుముకునే పిల్లలు తల్లి ముఖం చూడగలగడం వెనక ఒక కాపరి కుక్క కళ్ళు ఉన్నాయి.

ఇంత తెలిసిన తరవాత కూడా పరీక్ష చేయించకుండా జంట కలిపేవాణ్ణి ఏమనాలి? లోపం ఒక పాలు మాత్రమే ఉన్న కుక్క ఆరోగ్యంగానే కనబడుతుంది. అలాంటివి రెండు కలిస్తే పుట్టే ప్రతి పిల్లకూ నాలుగింట ఒక వంతు అంధత్వపు ముప్పు. ఒక్క పరీక్షతో తప్పించగలిగే చీకటి అది. మన పిల్లలకు చూపు ఇచ్చిన జాతికి దాని పిల్లల చూపు దక్కనీయకపోవడం కృతఘ్నత. పాపాలలో కృతఘ్నతకు నిష్కృతి లేదని పెద్దలు చెప్పడం ఊరికే కాదు.

రుణం ఇంతటితో తీరలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి సైన్యం బ్రియార్‌లను కందకాల మధ్య వార్తాహరులుగా, కావలిగా, గాయపడి పడివున్న సైనికులను వెతికి చూపేవాటిగా వాడుకుంది. అవి ఏ రాజు కోసమో, ఏ జెండా కోసమో పోరాడలేదు. పక్కనున్న మనిషి చెప్పాడు గనుక గుళ్ళ వానలోకి వెళ్ళాయి. తిరిగి రానివి ఎన్నో. మనిషి మాటను అంతగా నమ్మే జీవికి మాట ఇచ్చేముందు మనిషి ఎంతగా ఆలోచించుకోవాలి!

అలంకార మోహం గురించి కూడా చెప్పక తప్పదు. చెవులు నిటారుగా నిలిస్తే అందమని పూర్వం ఈ కుక్కల చెవులు కత్తిరించేవారు. 1987లో స్ట్రాస్‌బర్గ్‌లో కుదిరిన ఐరోపా పెంపుడు జంతువుల రక్షణ ఒప్పందం అలాంటి కోతలను నిషేధించింది. వేలాడే చెవితో బ్రియార్ వినికిడి తగ్గలేదు, కావలి తగ్గలేదు. తగ్గింది ఒక్క నొప్పి మాత్రమే. అందం పేరిట కోసే కోత ఎవరి అందం కోసమో ప్రతివాడూ తనను తాను ప్రశ్నించుకోవాలి.

ఇప్పుడు నీ సంగతికి వస్తాను. మే నెలలో నిప్పులు చెరిగే తెలుగునేల మీద, పొడవైన జుట్టు, దట్టమైన లోజుట్టు గల ఈ చలిదేశపు కుక్కను గొప్ప కోసం తెచ్చుకోవాలన్న కోరిక పుడితే దాన్ని అక్కడే అణచుకో. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. రొప్పుతూ ఒంటి వేడిని వదులుకుంటుంది. గదిలో ఏసీ పెడతానంటావా? నడకకూ పరుగుకూ పుట్టిన జీవిని నెలల తరబడి గదిలో బంధించడం రక్షణ కాదు. జుట్టంతా గొరిగిస్తానంటావా? ఎండ నుంచి దాని చర్మాన్ని కాచేది ఆ జుట్టే. చల్లని దేశాల్లో స్థిరపడి, ఇంటి చుట్టూ తిరగడానికి చోటు, చేతిలో తీరిక ఉన్న మన పిల్లలు పెంచుకుంటే నేను కాదనను. ఇక్కడ ఉన్నవాడికి మాత్రం ఇంటి దగ్గరే కాపరి కుక్క ఉంది. కొల్లేటి పరిసరాల్లో, కృష్ణా గోదావరి పల్లెల్లో బాతుల మందలను కాసిన జోనంగి మన ఎండకు పుట్టింది. పొట్టి జుట్టు, పొదుపైన ఒళ్ళు దానివి. అలాంటి జాతి కళ్ళ ముందే అరుదైపోతుంటే దూరదేశపు రూపానికి ఆశపడడం వివేకం కాదు. నీ గాలి, నీ నేల, నీ తీరిక ఏ ప్రాణికి సరిపోతాయో చూసుకుని తెచ్చుకోవడమే ప్రేమకు మొదటి మెట్టు.

చివరిగా ముసలితనం. బ్రియార్ ఆయుష్షు ఇంచుమించు పది పన్నెండేళ్ళు. తెచ్చుకున్న రోజు గంతులేసిన పిల్ల ఒకనాటికి లేవలేక లేస్తుంది, చూపు మందగిస్తుంది, పిలిచిన వెంటనే రాదు. ఆనాడు నడక తగ్గించు కానీ మానిపించకు. జారే గచ్చు మీద చాప పరువు. దువ్వెన పట్టే చేతిని మరింత నెమ్మది చెయ్యి. దంతాలూ కీళ్ళూ వైద్యుడికి తరచుగా చూపించు. పనికిరాదని వీధికో, ఊరి చివరకో విడిచిపెట్టేవాడు ఎన్ని దానధర్మాలు చేసినా ఏం లాభం? పడుచుతనంలో సేవ పుచ్చుకుని ముసలితనంలో గుమ్మం మూసేవాణ్ణి మనుషుల మధ్య ఏమంటారో ఇక్కడా అదే అనాలి.

కాబట్టి నాయనా, తెచ్చుకునే ముందే లెక్క వేసుకో. రోజుకు గంట నడక, వారానికి రెండు మూడు గంటలు దువ్వెన, రెండు మూడేళ్ళు విసుగెరగని శిక్షణ, పదేళ్ళకు పైగా తిండీ వైద్యమూ ఇవ్వగలవా? ఇంట్లో ప్రతివారూ ఈ నియమానికి ఒప్పుకున్నారా? ఊరు మారినా, ఉద్యోగం మారినా, బిడ్డ పుట్టినా ఈ మాట తప్పకుండా ఉండగలవా? ఒక్కదానికి కాదనే జవాబు వచ్చినా తెచ్చుకోకు. తెచ్చుకోకపోవడంలో అవమానం లేదు. అది కూడా ఆ ప్రాణికి నీవు చేసే మేలే. అన్నిటికీ అవునని చెప్పగలిగితే తెచ్చుకో. ఆ రోజు నుంచి దాని కాపలా గుణానికి లోకజ్ఞానం, బుద్ధికి న్యాయం, శక్తికి పని, జుట్టుకు దువ్వెన, దేహానికి వైద్యం, ముసలితనానికి నీడ బాకీపడ్డానని ఎరిగి నడుచుకో. మందకు కాపరి ఆ కుక్క. దాని గుణానికి కాపరివి నీవు. నీ కాపలాలో ఒక్క రోజు కూడా ఏమరకు.